ప్రమిదలో నూనె ఉన్నంతసేపు

నూనె అయ్యేదాకా ఇక్కడి నుంచి కదలకూడదట. మా అత్తగారు జగ్గమ్మగారు ప్రమిద నిండా పోశారు, పొంగి ఇటుక మీదకి కారేదాకా పోశారు, ఆవిడ ఏ పనీ సగంలో ఆపే మనిషి కాదు. వత్తి వెలిగించి, పిల్లని నా ఒళ్ళో పడుకోబెట్టి, నా నెత్తిమీద చెయ్యి వేసి, "కూకో అమ్మీ, బయపడకు. తల్లి వస్తాది, నీ నోట పలుకుతాది. ఏటి పలికితే అది పలకనీ, ఆపకు" అని చెప్పి వెనక్కి చూడకుండా పొలంగట్టు దాటి వెళ్ళిపోయారు. ఆవిడ వెనక మా అమ్మ, అమ్మ వెనక మా ఆయన చినబాబు, అందరికంటే ముందు జముకు వాద్యం చంకలో పెట్టుకుని, పేరంటాలి పాటలు పాడే గంగులు. చెరకు తోట అవతల తాటిచెట్ల దగ్గర నలుగురూ ఇటు వీపు పెట్టి కూర్చున్నారు. చూడకూడదు, చూస్తే పేరంటాలు, అంటే ఈ ఇంటి దేవత, రాదు. ఈ ఇంటి ఆచారం అది. ఇంట్లో ఏ ఆడమనిషికి గాలి సోకినా ఒక ఉదయం పేరంటాలి ముందు ఒంటరిగా కూర్చోబెడతారు, దీపం కొండెక్కేలోపు ఆ మనిషి నోటివెంట వచ్చిన మాట ఏదైనా అది పేరంటాలి మాట. ఇక్కడ నేనూ, నా పిల్లా, మోకాలెత్తు ఇటుక గుడీ, అందులో పసుపు పూసిన రాయీ. నా వెనక నాలుగడుగులు వేస్తే నుయ్యి. గట్టు లేని నేలనుయ్యి. ఈ పేరంటాలు ఆ నూతిలో పడి చచ్చిపోయాకే పేరంటాలయింది. నన్నూ పిల్లనీ తీసుకొచ్చి సరిగ్గా దాని పక్కన కూర్చోబెట్టి అందరూ అటు తిరిగి కూర్చున్నారు. ఇంత తెలివైనవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు.

చీర ఇంకా తడిగానే ఉంది. పసుపు నీళ్ళలో ముంచి తీసి అలాగే కట్టబెట్టారు. కార్తీకమాసం పొద్దు, మంచు పూర్తిగా విడలేదు, వణుకు రావాలి మరి, రావడం లేదు. చలి వేస్తోందని తెలుస్తోంది, అంతే, పక్కింటి వాళ్ళకి వేస్తున్నట్టు తెలుస్తోంది. అన్నీ ఇలాగే తెలుస్తున్నాయి ఈ మధ్య. ఆకలి, దాహం, కూరలో ఉప్పు, పిల్ల ఏడుపు. ముఖ్యంగా పిల్ల ఏడుపు. అది నా పక్కలోనే ఏడుస్తుంది, నాకు ఊరవతల ఎక్కడో ఎవరి పిల్లో ఏడుస్తున్నట్టుంటుంది, పాపం ఎవరైనా ఎత్తుకోకూడదూ అనుకుంటాను, కాసేపటికి ఆ ఎత్తుకోవలసింది నేనేనని గుర్తొస్తుంది. అప్పుడు చెయ్యి లేపాలి. చెయ్యి లేపడం అనేది ఎంత పెద్ద పనో ఎవరికి చెప్తే తెలుస్తుంది? గోడమీద దువ్వెన ఉంటుంది, లేచి రెండడుగులు వేసి తీసుకుంటే తల దువ్వుకోవచ్చు. పొద్దున్న అనుకుంటాను, మధ్యాహ్నం అనుకుంటాను, దీపాల వేళకి అత్తగారు వచ్చి "పొగరేటే నీకు, బాలింతవని తలకూడా దువ్వుకోవా" అని తనే జడ వేస్తారు. గట్టిగానే లాగుతారు. ఆ నొప్పి కూడా దూరం నుంచే.

చూడు, నిద్రలో పెదాలు ఎలా చప్పరిస్తోందో. ముద్దుగా ఉంది. ముద్దుగా ఉందన్న సంగతి నాకు తెలుసు, లెక్కల మేష్టారు బోర్డు మీద వేసిన లెక్క సరిగ్గా ఉందని తెలిసినట్టు తెలుసు. మిగిలిన తల్లులకి ఇలా కాదు కదా. మా అమ్మ దీన్ని చూసినప్పుడల్లా ముఖం విచ్చుకుంటుంది, అమ్మ అనుకోకుండానే విచ్చుకుంటుంది. నాకు రాదు. పురిటి మంచం మీద దీన్ని తెచ్చి చూపించినప్పుడు నేను ఎదురుచూశాను, వస్తుంది, ఇప్పుడొస్తుంది, అందరికీ వచ్చేది నాకూ వస్తుంది అని. కాయం ముద్ద మింగించారు, చెవుల్లో దూది పెట్టారు, తలకి గుడ్డ కట్టారు, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టారు. ఒళ్ళంతా చెమట పట్టింది కానీ అది మాత్రం రాలేదు. నేను చెడ్డదాన్నేమో అనుకున్నాను. ఇంకా అలాగే అనుకుంటున్నాను. ఇంత మంచి పిల్లకి ఇలాంటి తల్లి ఏమిటి, ఇంకెవరైనా అయితే దాని బతుకు బాగుండును అనిపిస్తుంది. రోజుకి ఒకసారి కాదు, రోజంతా అదే.

అమ్మకి చెప్పాను. చెప్పలేదని కాదు. కోటబొమ్మాళిలో పుట్టింట్లో ఉన్నప్పుడే, ఇక్కడికి పంపడానికి సారె సర్దుతూ ఉండగా చెప్పాను. అమ్మ అరిసెలు బుట్టలో పేరుస్తోంది. అమ్మ పేరు లక్ష్మీనరసమ్మ, పేరు ఎంత పొడుగో ఓర్పు అంత పొడుగు, అరిసె మీద అరిసె విరగకుండా పేరుస్తుంది. "అమ్మా, నాకు ఈ గుంటంటే ఏటీ అనిపించట్లేదే" అన్నాను, ఒళ్ళో పిల్లని చూపిస్తూ. అమ్మ చేతిలో అరిసె అలాగే పట్టుకుని లేచొచ్చి నా నోరు మూసేసింది. నెయ్యి చెయ్యి. "అలాటి మాట అనకే, తల్లి దిష్టే తగులుతాది పిల్లకి. అనకు, ఇంకెప్పుడూ అనకు" అని నా చుట్టూ ఉప్పు తిప్పి పొయ్యిలో పడేసింది. ఉప్పు చిటపటలాడింది. "సూసేవా, ఎంత దిష్టో" అని తృప్తి పడింది. ఉప్పు ఎవరు వేసినా చిటపటలాడుతుంది కదమ్మా అందామనుకున్నాను, అనడానికి కూడా ఓపిక కావాలి. బేసి నెలలోనే పంపాలి, ఇది దాటితే మళ్ళీ సరి నెల వస్తుంది, బాగోదు అని మంచి రోజు చూసి రైలెక్కించేశారు. విజయనగరంలో రైలు మారి గజపతినగరంలో దిగాం. బండి పంపించారు. బండిలో అంతసేపూ అమ్మ పిల్లతో మాట్లాడుతూనే ఉంది, ఇదిగో మీ నాన్న ఊరు, ఇదిగో మీ నాన్న చెరకు తోట అని. నేను వెనక్కి పోతున్న దారిని చూస్తూ కూర్చున్నాను. నన్ను అత్తవారింట దింపేసి వెళ్ళినప్పుడు అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, అందరూ మెచ్చుకున్నారు. ఎంత నిబ్బరమో పిల్లకి అన్నారు.

ఎక్కడిదీ వాసన? గోగు. చెరువులో గోగు కట్టలు నానబెట్టారు ఎవరో, గాలి ఇటు తిరిగింది. కుళ్ళు వాసన అంటారు ఊరుకాని వాళ్ళు. నాకు అది మా నాన్న వాసన. మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి నాన్న కట్ట విప్పి కాడ విరిచి ఒక్క లాగు లాగితే నార ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తెల్లగా ఊడి వచ్చేసేది, లోపలి పుల్ల నున్నగా మిగిలిపోయేది. ఆ పుల్లలు మాకు. వాటితో బళ్ళు కట్టుకునేవాళ్ళం, ఇళ్ళు కట్టుకునేవాళ్ళం, వర్షం వస్తే ఆ ఇళ్ళలో దూరడానికి చూసేదాన్ని, మా తమ్ముడు కొండబాబు నవ్వి నవ్వి చచ్చేవాడు. నేను ఎంత వాగేదాన్ని. వారపత్రిక వస్తే ముందు నేను చదవాలి, తర్వాతే ఎవరైనా. ఉక్కు ఫ్యాక్టరీ కోసం రైళ్ళు ఆపేసిన ఏడాది మా పెళ్ళి, పెళ్ళివారు రైలు లేక బళ్ళ మీదా బస్సుల మీదా పడి ఒళ్ళు హూనమై వచ్చారు. మా మావగారి తలపాగా దుమ్ముకి ఎర్రగా అయిపోయింది, పీటల మీద కూర్చుని అది చూసి నాకు నవ్వాగలేదు, చినబాబు కూడా తలవంచుకుని నవ్వాడు. ఆ పిల్ల ఎక్కడికి పోయింది? అది నేనే కదా? గోగు పుల్ల నుంచి నార లాగేసినట్టు నాలోంచి ఏదో లాగేశారు, పుల్ల మిగిలింది. నిలబడుతుంది, నడుస్తుంది, పిల్లకి పాలిస్తుంది.

చినబాబు మంచివాడు. ఆ వీపు ఇక్కడికి కనిపిస్తోంది, కుడి భుజం కొంచెం వంగి ఉంటుంది. నన్ను ఒక్క మాట అనలేదు ఇంతవరకూ. సంత నుంచి ఏదో ఒకటి తెస్తాడు, బిస్కట్లు, పూసల దండ, ఒకసారి జీళ్ళు. మంచం పక్కన కూర్చుని బతిమాలుతాడు. "ఏటి కావాలో సెప్పు పద్మా. బొబ్బిలెళ్ళయినా తెస్తాను, ఇశాపట్నమెళ్ళయినా తెస్తాను." నాకేదైనా కావాలని అనిపిస్తే బాగుండును, అదే నాకు కావాలి, అది ఏ కొట్లో దొరుకుతుంది? చెప్పలేక గోడ వైపు తిరిగాను. నా మీద కోపమేమో అనుకుని లేచి వెళ్ళిపోయాడు. కోపం కాదు. కోపం ఉంటే ఎంత బాగుండును, అది కూడా వేడే కదా. అతను వెళ్ళిపోయాక ఏడిచాను. నా వల్ల అతను పాడైపోతున్నాడనీ, నేను లేకపోతే ఇంకెవరినైనా చేసుకుని సుఖపడతాడనీ అనిపించింది. ఆ ఆలోచన మొదటిసారి వచ్చింది అప్పుడే. మొదట్లో అది వస్తే గుండె దడదడలాడేది. ఇప్పుడు దడ రావడం లేదు. అదే నాకు భయం. చావంటే కాదు, చావంటే భయం లేకపోవడమే భయం.

విజయనగరంలో లేడీ డాక్టరు ఒకావిడ, చిన్నదే, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, నా చెయ్యి పట్టుకుని అడిగింది. నాడి చూడటానికి కాదు, ఊరికే పట్టుకుంది. "నిద్ర పడుతోందా? ఊరికే ఏడుపు వస్తోందా? పిల్లని చూస్తే ఎలా ఉంటోంది?" అంది. నా నోట్లోకి మాట వచ్చేసింది, పెదాల దాకా వచ్చేసింది. వెనక నిలబడ్డ అత్తగారు అందుకున్నారు. "నిద్దరకేటమ్మా, పొద్దస్తమానం తొంగునే ఉంటాది. పాలు సాలట్లేదు, అదే బెంగ. బలానికేదైనా రాయండి." ఆ డాక్టరు అత్తగారి వైపు చూసి, నా వైపు చూసి, బలానికి రాసింది కానీ ఇంకో మాట కూడా చెప్పింది. విశాఖపట్నం తీసుకెళ్ళండి, అక్కడ ఇలాంటివి చూసే డాక్టర్లున్నారు, మనసుకి కూడా జబ్బు చేస్తుంది, బాలింతలకి ఎక్కువగా చేస్తుంది, మందుంది, తగ్గుతుంది అంది. తగ్గుతుంది అంది. ఆ మాట నాకు బస్సులో అంతసేపూ చెవిలో ఉంది. దీనికి ఒక జబ్బు పేరుందట, నేను చెడ్డదాన్ని కానట. గంట్యాడ దాటేసరికి అత్తగారు తేల్చేశారు. "ఇశాపట్నంలో ఉన్నాది పిచ్చాసుపత్రి. మా ఇంటి కోడలు పిచ్చాసుపత్రికెళ్తే రేపు ఈ గుంటకి సంబంధం ఎవులిస్తారు? మన ఇంట్లో పేరంటాలుండగా డాక్టర్లెందుకు?" చినబాబు కిటికీలోంచి బయటకి చూశాడు. అమ్మకి కబురు పెట్టారు. అమ్మ పేరంటాలికి చీర పట్టుకుని వచ్చింది. ఆ చీరే ఇప్పుడు నా ఒంటిమీద ఉంది.

ఆవిడ పేరు కూర్మమ్మ. పేరంటాలు అంటారు గానీ ఆవిడకో పేరుంది, మా అత్తగారి తోటికోడలు, చినబాబుకి చిన్నమ్మ. చిన్నప్పుడు చోడి అంబలి కలిపి పెట్టేదట, చినబాబు చెప్పాడు. ఉల్లిపాయ కొరుక్కోమని తనే నలిపి ఇచ్చేదట. ఆవిడ గురించి అతనికి గుర్తున్నది అంతే. మిగిలిందంతా అత్తగారు చెప్తారు, చెప్పినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంటారు, దొంగ ఏడుపు కాదు, నిజంగానే. తెల్లారకుండా లేచి తలంటుకుని, కాళ్ళకి పసుపు రాసుకుని, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని, పిల్లని ఎత్తుకుని వచ్చి గంగలో కలిసిపోయింది, ముత్తైదువగా వెళ్ళిపోయింది, బయటకి తీసినప్పుడు కూడా పిల్లని విడవలేదు, అంత ప్రేమ అని చెప్తారు. "అంతకి ముందునుంచే తల్లి ఒంట్లోకి వచ్చేసిందే. వంట మానేసింది. తల దువ్వుకునేది కాదు. పిలిస్తే పలికేది కాదు, గోడ కేసి సూస్తుండీది. మనకేటి తెలుస్తాది, దేవతలు అలాగే ఉంటారనుకోలేదు" అన్నారు ఒకసారి, బియ్యం ఏరుతూ. నా చేతిలో చాట ఆగిపోయింది. అత్తగారు రాయి ఏరి పారేస్తూ ఇంకా ఏదో చెప్తున్నారు. నాకు వినపడలేదు. వంట మానేసింది, తల దువ్వుకునేది కాదు, గోడ వైపు చూసేది. ఇరవై ఏళ్ళకి పైగా ఈ ఇంటివాళ్ళు పసుపు పూసి పూజ చేస్తున్నది నా జబ్బుకి.

నీకు ఎవరైనా చెప్పారా కూర్మమ్మత్తా, తగ్గుతుందని? ఆ రోజుల్లో ఎవరు చెప్తారులే. ప్రేమతో విడవలేదని వీళ్ళు చెప్పుకుంటున్నారు. నాకు తెలుసు నువ్వెందుకు విడవలేదో. దీన్ని వదిలేసి వెళ్తే దీనికి ఎవరున్నారు, దీని భారం ఎవరి మీద పడుతుంది, నాలాంటిదే అవుతుందేమో, అనుకున్నావు. తప్పు లెక్క. ఎత్తుకోవడానికి ఇంటినిండా చేతులున్నాయి, మీ జగ్గమ్మే ఉంది, అరిచినా పెంచేది. ఆ లెక్క తప్పని నాకు ఇప్పుడు ఇక్కడ కూర్చుని కూడా తెలుసు. తెలిసి కూడా అదే సరైన లెక్కలా కనిపిస్తోంది, అదే ఈ జబ్బు. నీ మీద నాకు కోపం లేదు. నీకు చీర పెట్టారు, గాజులు పెట్టారు, నువ్వు బతికుండగా పక్కన కూర్చుని ఏమైందే అని ఒక్కళ్ళు అడిగారో లేదో. నువ్వు పలుకుతావట నా నోట. పలుకు మరి. నాకు చేతకావడం లేదు.

గాలి ఆగిపోయింది. చెరకు ఆకులు కూడా కదలడం లేదు. గంగులు ఏదో చెప్తున్నాడు, మాట తెలియడం లేదు, మధ్యలో అమ్మ దగ్గు. నీళ్ళు ఎంత నిమ్మళంగా ఉన్నాయి. కార్తీకంలో నూతులు నిండుగా ఉంటాయి, వంగితే చేతికందుతాయి. ఒక పక్క పాచి, ఇంకో పక్క ఆకాశం ముక్క. బాగుంది. ఎన్నాళ్ళకో ఒకటి బాగుందనిపిస్తోంది. అక్కడ ఎవరూ లేవమనరు, తల దువ్వుకోమనరు, పిల్ల ఏడుస్తోంది చూడమనరు. నిద్ర, అంతే, నిజమైన నిద్ర. అయితే నాకు నీళ్ళు ఎలా కనిపిస్తున్నాయి? నేను గుడి వైపు తిరిగి కూర్చున్నాను కదా, నుయ్యి నా వెనక ఉండాలి. కాళ్ళ కింద పచ్చిక తడిగా ఉంది, మట్టి మెత్తగా జారుతోంది. నేను నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచాను? ఎవరు లేపారు నన్ను? పిల్ల నా భుజం మీద ఉంది. కళ్ళు తెరిచి చూస్తోంది, ఏడవడం లేదు, నా మెడ పక్కన వెచ్చగా ఊపిరి. ఆ వెచ్చదనం నాకు తగిలింది. దూరం నుంచి కాదు, మెడ మీదే. ఒక్క క్షణం తగిలింది, మళ్ళీ పోయింది. పోయేలోపు నాకు భయం వేసింది. దేవుడా, ఎంత భయం వేసిందో, ఇన్నాళ్ళూ రాని భయమంతా ఒక్కసారి వచ్చి మీద పడింది. వెనక్కి పడ్డాను, పిల్లని గట్టిగా పట్టుకుని వెనక్కి పాకాను, గుడి ఇటుకలకి వీపు తగిలేదాకా పాకాను.

"రండి! ఎవులైనా రండి! గుంటని అందుకోండి! నన్నొక్కర్తినీ ఒగ్గీకండి!" అని అరిచాను.

చెప్పేశాను. నన్ను ఒంటరిగా వదలొద్దని, ఐదు నెలలుగా పెదాల దాకా వచ్చి వెనక్కి పోయిన మాటని ఊరంతా వినేటట్టు అరిచి చెప్పేశాను. పరుగెత్తుకొచ్చారు. ముందు గంగులు, జముకు గుండెలకి ఆనించుకుని తీగ మీటేస్తూ వచ్చాడు. అత్తగారు వస్తూనే నేలమీద సాష్టాంగం పడ్డారు. "వచ్చేవా తల్లీ, వచ్చేవా. నీ బిడ్డలం, తప్పులు కాయి." ఎవరూ పిల్లని అందుకోలేదు. నేను చేతులు చాచి పట్టుకునే ఉన్నాను.

"నాను పద్మనత్తా. పేరంటాలు కాదు. నాకు బయమేస్తంది, గుంటని తీసుకో" అన్నాను.

"ముందలాగే అంటాది తల్లి" అన్నాడు గంగులు, చాలా తెలిసినవాడిలాగా. "మనల్ని పరీక్ష సేస్తాది. హారతియ్యండి, బేగి."

కర్పూరం వెలిగించి నా ముఖం ముందు తిప్పారు. పొగ కళ్ళలోకి వచ్చింది. నా పేరు నేను చెప్పుకుంటే నమ్మేవాళ్ళు లేరు. నా మొగుడు నాకు దండం పెడుతున్నాడు, మా అమ్మ కొంగు మెడ చుట్టూ వేసుకుని వణుకుతోంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అప్పుడు కోపం వచ్చింది. నిజంగా వచ్చింది, వేడిగా, అరికాళ్ళ నుంచి. సరే, పద్మ మాట ఎవరికీ అక్కర్లేదు కదా.

"ఒలే జగ్గీ!" అన్నాను.

అత్తగారు ఉలిక్కిపడి తలెత్తారు. ఇంకెప్పుడూ దొరకని అవకాశం అనుకుంది నాలో ఏ మూలో మిగిలిన ఆ వాగుడుకాయ పిల్ల.

"ఈ గుంటని ముందు నువ్వెత్తుకో. ఈ కోడలి సేతుల్లో బలం నేదు, సూడ్డం నేదేటి? ఇకనుంచి దీన్ని ఒక్కర్తినీ ఒగ్గీకండి. నూతికి పంపకండి. ఇశాపట్నం డాక్టరు దగ్గరికి తీసికెళ్ళండి."

అత్తగారు పిల్లని అందుకున్నారు. నా చేతులు ఖాళీ అయ్యాయి, భుజాలు రెండూ ఊడిపోయినట్టు కిందకి జారాయి. "అలాగే తల్లీ, గుంటని నాను సూస్తాను. ఇశాపట్నం ఎందుకు తల్లీ? నీకు సీర పెడతాం, వేట వేస్తాం. నువ్వుండగా డాక్టరెందుకు?"

"నాకు పెట్టిన సీరలు సాల్లే. ఆరోజు నన్ను కూకోబెట్టి ఏటైందే కూర్మీ అని ఒక్కదానివైనా అడిగేవా?"

జముకు ఆగిపోయింది. ఆ మాట నేనే అన్నానా? నోరు నాదే, అనాలని నేను అనుకోలేదు. అత్తగారి ముఖం పాలిపోయింది. పిల్లని గుండెలకి అదుముకుని, "అడగనేదు" అన్నారు. పూజల్లో కనిపించే ఏడుపు కాదు, చిన్నపిల్ల ఏడుపు. "అడగనేదు తల్లీ. పనుల్లో పడిపోయేను." నాకు ఆవిడ మీద జాలి వేసింది. చినబాబు చేతులు జోడించి ముందుకొచ్చాడు. "తీసికెళ్తాను తల్లీ. ఈ వారంలోనే తీసికెళ్తాను, నీ మీద ఒట్టు." నా కళ్ళలోకి చూడలేదు, పసుపు రాసిన నా పాదాలని చూస్తూ చెప్పాడు. నాకు ఇవ్వలేని మాట పేరంటాలికి ఇచ్చేశాడు. పోనీలే, ఎవరికిస్తేనేం, ఇచ్చాడు. అయినా నొప్పిగా ఉంది.

ఇంక కళ్ళు మూసుకుని పడిపోతే సరిపోయేది, పేరంటాలు వెళ్ళిపోయిందనుకునేవాళ్ళు. ఇంతలో అమ్మ మోకాళ్ళ మీద దగ్గరికి వచ్చింది. నా పాదాల మీద తల పెట్టింది. కన్నతల్లి నుదురు నా పాదాల మీద. వెనక్కి లాక్కుందామంటే కాళ్ళు కదలలేదు. అమ్మ జుట్టు ఇంత తెల్లబడిందని నేను చూసుకోలేదు. ఎవరికీ వినపడకుండా, నాకు మాత్రమే వినపడేటట్టు అడిగింది. "నాకు ఇంకేటీ వద్దు తల్లీ. నా పిల్ల నాకు దక్కుతాదా? అదొక్కటీ సెప్పు."

దక్కుతుందని చెప్పేస్తే పోయేది. దేవతలు అలాగే చెప్తారు. అమ్మతో అబద్ధం చెప్పడానికి ఎంత వెతికినా ఓపిక దొరకలేదు.

"తెలీదమ్మా" అన్నాను. "నాకు తెలీట్లేదే."

అమ్మ తలెత్తింది. ఏ దేవతా తెలీదని చెప్పదు. నా ముఖంలోకి చూసింది, బొట్టు కాదు, పసుపు కాదు, వాటి వెనకనున్న ముఖం. పిల్ల పుట్టాక అమ్మ నన్ను చూడటం అదే మొదలు. ఒక్క మాట అంటే చాలు, ఇది పేరంటాలు కాదు నా కూతురు అంటే చాలు, ఒట్లన్నీ గాలికి పోతాయి, ఇశాపట్నం పోతుంది, మళ్ళీ బలానికి మందు, మళ్ళీ ఉప్పు. నేను అమ్మ కళ్ళలోకి చూస్తూ ఉన్నాను.

"ఏటంటాంది ఒదినా తల్లి?" అని వెనక నుంచి అత్తగారు అడిగారు.

అమ్మ నా మీంచి చూపు తిప్పలేదు.

"దక్కుతాదంటాంది ఒదినా" అంది గట్టిగా, అందరికీ వినపడేటట్టు. "ఇశాపట్నం తీసికెళ్తే దక్కుతాదంట. ఆలీసం సెయ్యొద్దంటాంది." ఆ పైన మళ్ళీ వంగి నా పాదాల మీద తల పెట్టింది. చూసేవాళ్ళకి మొక్కుతున్నట్టే ఉంది. కొంగు చాటున రెండు చేతులతో నా కాళ్ళు గట్టిగా పట్టుకుంది, నేను ఎక్కడికీ పోకుండా.